లోరా ట్యాగులు, చెరువు సెన్సార్లు: లొకేషన్ కోసం ఎవరి డేటాబేస్‌ను నమ్మాలి?

ఒకే బ్యాటరీతో రెండేళ్లు నడవాల్సిన పరికరంలో జీపీఎస్‌ను రోజంతా వాడలేం. చాలాసేపు ఆపి ఉంచిన జీపీఎస్ చిప్‌ను మళ్లీ లేపితే, ఆకాశం బాగా కనిపించే చోట కూడా అర నిమిషం దాకా పనిచేస్తూనే ఉండాలి. ఒక్కో ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకోసారి మాత్రమే తిరిగి చెబుతుంది మరి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో రేకుల షెడ్డు కిందో, మిర్చి బస్తాలు పేర్చిన కోల్డ్ స్టోరేజీ లోపలో అయితే ఎంతసేపు ఆగినా దొరక్కపోవచ్చు.

అందుకే ఇలాంటి పరికరాలు తమ చుట్టూ వినిపించిన నంబర్లను మాత్రమే పంపుతాయి. దగ్గర్లోని వైఫై రౌటర్ల నంబర్లు (ప్రతి రౌటర్ గాలిలో ప్రకటించే మ్యాక్ అడ్రసు), సెల్ టవర్ నంబరు, లేదా తన సిగ్నల్‌ను ఏయే లోరా గేట్‌వేలు విన్నాయన్నది. లోరా అంటే తక్కువ బ్యాటరీతో చిన్న సందేశాలను కిలోమీటర్ల దూరం పంపే రేడియో పద్ధతి; ఆ సందేశాలను అందుకుని సర్వర్‌కు చేర్చే పెట్టె గేట్‌వే. సర్వర్ ఆ నంబర్లను ఒక డేటాబేస్‌లో వెతికి, పరికరం ఎక్కడుందో చెబుతుంది. బ్యాటరీ మిగులుతుంది. కానీ ఇక్కడి నుంచి పరికరం చోటు ఎంత నిజమో ఆ డేటాబేస్ చెప్పినంతే. రౌటర్ యజమాని ఇల్లు మారినా, టవర్ పీకేసినా, సెన్సార్‌ను ఒక చెరువు నుంచి తీసి ఇంకో చెరువుకు బిగించినా పరికరానికి తెలియదు. మ్యాప్ మీద చుక్క మాత్రం ఎప్పటిలాగే శుభ్రంగా కనిపిస్తుంది. తప్పు లొకేషన్‌తో ఉన్న అసలు ఇబ్బంది ఇదే: చూడ్డానికి అది తప్పులా ఉండదు.

వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు ఇలాంటి పరికరాలు పెట్టాలనుకునేవాళ్లు సాధారణంగా "ఏ సర్వీసు ఎక్కువ కరెక్టు?" అని అడుగుతారు. నేను ముందు వేరే సంగతి అడుగుతాను: అది తప్పు చెప్పిన రోజున దాన్ని దిద్దేది ఎవరు, ఎన్నాళ్లకు? మన జిల్లాల్లో ఎంపికను తేల్చేది ఎక్కువగా ఈ ప్రశ్నే.

ముందుగా తేల్చుకోవాల్సినవి

మొదటిది, పరికరం కదులుతుందా? చెరువు తూము దగ్గర బిగించిన నీటిమట్టం సెన్సార్ కదలదు. బోరు మోటారు స్టార్టర్ కదలదు. మిర్చి లాటుతో పాటు వెళ్లే ట్యాగు కదులుతుంది. గొర్రె మెడలోని ట్యాగు రోజంతా కదులుతూనే ఉంటుంది. కదలని పరికరానికి లొకేషన్ సర్వీసు కొనడం చాలాసార్లు దండగ. ఆ డబ్బును రిజిస్టరు సరిగ్గా ఉంచే మనిషికి ఇవ్వడం మేలు.

రెండోది, ఎంత తేడా వచ్చినా పని నడుస్తుంది? ఏ గోదాములో ఉందో తెలిస్తే చాలనుకుంటే 50 మీటర్లు సరిపోతాయి. ఏ మండలంలో ఉందో చాలనుకుంటే రెండు కిలోమీటర్ల తేడా కూడా ఫర్వాలేదు. అక్కర్లేని కచ్చితత్వానికి బ్యాటరీని ఖర్చు చేయకండి.

మూడోది, చుట్టూ ఏం వినిపిస్తుంది? హన్మకొండలో నక్కలగుట్ట, సుబేదారి లాంటి చోట్ల ఏ మూల నిలబడ్డా రౌటర్లు వినిపిస్తాయి. పాకాల అడవి అంచుకో, తాడ్వాయి దారికో వెళితే వైఫై అన్నదే వినిపించని చోట్లు ఉంటాయి. అక్కడ మిగిలేది సెల్ టవరే, అదీ చాలాసార్లు ఒక్కటే.

నాలుగోది, సందేశంలో ఎంత పడుతుంది? లెక్క చూడండి. ఒక రౌటర్ నంబరుకు 6 బైట్లు, దాని సిగ్నల్ బలానికి 1 బైటు, మొత్తం 7. మన దేశంలో లోరావాన్‌కు (లోరా నెట్‌వర్కు నియమాలకు) వాడే ఫ్రీక్వెన్సీ ప్లాన్‌లో, గేట్‌వేకి బాగా దూరంగా ఉన్న పరికరం స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ 12లో (అన్నిటికంటే నెమ్మదిగా, ఎక్కువ దూరం చేరేలా పంపే సెట్టింగ్‌లో) పంపితే ఒక సందేశంలో 51 బైట్లకు మించి పట్టవు. ఏడు రౌటర్లు పెడితే 49 అయిపోతాయి, బ్యాటరీ రీడింగుకూ ఉష్ణోగ్రతకూ రెండు బైట్లే మిగులుతాయి. నాలుగైదు రౌటర్లతో సరిపెట్టుకోవాలి. ఏ నాలుగు పంపాలన్నది కూడా మన నిర్ణయమే. దాని గురించి కింద చెబుతాను.

ఐదోది, డేటాబేస్ తన రికార్డు వయసు చెబుతుందా? ఆఖరిసారి ఎప్పుడు చూశారో, ఎన్నిసార్లు చూశారో చెప్పని జవాబును నమ్మాలో వద్దో తేల్చుకునే దారి మనకు ఉండదు.

| ఎంపిక | ఎవరికి సరిపోతుంది | తప్పు ఎక్కడి నుంచి వస్తుంది | దిద్దే అధికారం |
|---|---|---|---|
| సొంత రిజిస్టరు | కదలని పరికరాలు | మన సిబ్బంది నమోదు, మార్పిడి | పూర్తిగా మనదే |
| కంపెనీల లొకేషన్ సర్వీసు | పట్టణాల్లో కదిలేవి | ఇల్లు మారిన రౌటర్లు, ఐపీ అంచనా | దాదాపు లేదు |
| అందరికీ తెరిచి ఉన్న డేటాబేసులు | టవర్ మీద ఆధారపడేవి, తక్కువ బడ్జెట్ | పాత రికార్డులు, రోడ్డు వైపు మొగ్గు | కొత్త రీడింగులు పంపి దిద్దవచ్చు |
| సొంత గేట్‌వేలు, బీకన్లు (తమ నంబరును పదే పదే ప్రకటించే చిన్న పరికరాలు) | ఒకే ఆవరణ, గనులు, గోదాములు | జరిపిన బీకన్లు | మనదే |
| అప్పుడప్పుడు జీపీఎస్ | ఆరుబయట తిరిగేవి | ఆకాశం కనబడకపోవడం | అక్కర్లేదు |

సొంత రిజిస్టరు: చిన్నచూపు చూడకండి

బిగించిన రోజు ఫోన్‌తో అక్షాంశం, రేఖాంశం నోట్ చేసుకుని పట్టికలో రాసుకోవడమే ఈ పద్ధతి. కదలని పరికరాలకు దీన్ని మించింది లేదు. కానీ రిజిస్టరు పాడయ్యే దారులు మన దగ్గర చాలానే ఉన్నాయి. వాటిలో మొదటిది నమోదు చేసే తీరు.

బిగించిన మనిషి తూము దగ్గర పని ముగించుకుని, కట్ట దిగి, రోడ్డు మీది టీ కొట్టు దగ్గర కూర్చుని వాట్సాప్‌లో లొకేషన్ పంపితే, ఆ సెన్సార్ జీవితాంతం టీ కొట్టు దగ్గరే ఉంటుంది. పరికరానికి ఒక అడుగు దూరంలో నిలబడాలి. ఫోన్ చూపించే తేడా 10 మీటర్ల లోపుకు దిగేదాకా ఆగాలి. ఆ తేడా అంకెను కూడా పట్టికలో రాయాలి. కోల్డ్ స్టోరేజీలాంటి చోట లోపల తీస్తే ఫోన్‌కే జీపీఎస్ అందక అంచనా లొకేషన్ ఇస్తుంది. గుమ్మం బయట తీసి, 'గుమ్మం నుంచి లోపలికి మూడో గది' అని మాటల్లో రాయడం మంచిది. దశాంశ బిందువు తర్వాత ఐదు అంకెలు ఉంచండి, అది సుమారు ఒక మీటరు. మూడే ఉంచితే చుక్క వంద మీటర్ల దాకా జరిగిపోవచ్చు, చిన్న కుంటయితే అవతలి ఒడ్డుకే వెళ్లిపోతుంది.

అక్షాంశం, రేఖాంశం తారుమారు కావడం కూడా తరచూ జరిగేదే. వరంగల్ సుమారు 17.97 ఉత్తరం, 79.59 తూర్పు. తిప్పి రాస్తే చుక్క నార్వేకు ఉత్తరాన స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర, ఆర్కిటిక్ మంచులో పడుతుంది. అంత దూరం పడితే ఎవరికైనా కనబడుతుంది కాబట్టి ఆ తప్పు వెంటనే దొరుకుతుంది. దొరకనివి దగ్గరి తప్పులు. అక్షాంశం 15 నుంచి 20 మధ్య, రేఖాంశం 77 నుంచి 82 మధ్య లేకపోతే తీసుకోకుండా పట్టికలోనే నిబంధన పెట్టుకోండి. తెలంగాణ మొత్తం అందులో ఇమిడిపోతుంది.

రెండో దారి, ఊరి పేరుతో, జిల్లా పేరుతో చోటును గుర్తుపెట్టుకోవడం. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లా విడిపోయింది. 2019లో ములుగు వేరే జిల్లా అయింది. 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ, వరంగల్ రూరల్ కాస్తా వరంగల్ అయ్యాయి. అంటే 2015లో ఎవరో రాసిన 'వరంగల్ జిల్లా', 2022లో ఇంకెవరో రాసిన 'వరంగల్ జిల్లా' ఒకటే కాదు. ఇక నారాయణపురం, లక్ష్మీపురం లాంటి ఊర్ల పేర్లు ఎన్ని మండలాల్లో ఉంటాయో చెప్పక్కర్లేదు. రిజిస్టరులో అక్షాంశ రేఖాంశాలే అసలు రికార్డు కావాలి. జిల్లా, మండలం పేర్లను చూపించేటప్పుడు ఇప్పటి సరిహద్దుల మ్యాప్ నుంచి లెక్క కట్టించుకోవాలి. సిబ్బంది ఫోన్‌లో చెప్పుకోవడానికి వీలుగా ఉండాలంటే తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్‌ను పక్కన రాయవచ్చు. పది అక్షరాలు, సుమారు నాలుగు మీటర్ల చదరం. అయితే డిజిపిన్ కూడా అక్షాంశ రేఖాంశాల నుంచే పుడుతుంది. అవి తప్పయితే ఇదీ తప్పే.

మూడోది, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది, మార్పిడి. ఒక చెరువు సెన్సార్ పాడైందని, పక్క ఊరి చెరువు దగ్గర పని చేస్తున్నదాన్ని విప్పి తెచ్చి ఇక్కడ బిగిస్తారు. వానాకాలంలో హడావుడి అలాంటిది, తప్పుపట్టలేం. కానీ రిజిస్టరులో ఆ నంబరు ఇంకా పాత చెరువు పేరు మీదే ఉంటుంది. ఇక్కడ నీరు మత్తడి దుంకుతుంటే హెచ్చరిక పక్క ఊరికి వెళుతుంది. దీనికి మందు ఒకటే: పరికరాన్ని, చోటును రెండు వేర్వేరు పట్టికలుగా ఉంచడం. మూడో పట్టికలో 'ఈ పరికరం ఈ చోట ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా' అని రాయడం. పాత వరుసను చెరపకూడదు, దానికి ముగింపు తేదీ వేసి కొత్త వరుస తెరవాలి. ఒక వరుస ఇలా ఉంటుంది:

పరికరం 0147 | చోటు: పెద్ద చెరువు, రెండో తూము | మొదలు: 12-07-2025 | ముగింపు: ఖాళీ | తేడా: 6 మీటర్లు | పద్ధతి: ఫోన్ జీపీఎస్ | చివరిగా చూసింది: 03-11-2025 | చూసినవారు: లైన్‌మన్

ఆ 'చివరిగా చూసింది' గడి ఈ రిజిస్టరుకు ప్రాణం. బ్యాటరీ మార్చడానికో, బురద తుడవడానికో ఎవరు వెళ్లినా లొకేషన్ ఆన్ చేసి ఒక ఫోటో తీస్తే ఆ తేదీ దానంతట అదే నిండేలా చేసుకోవచ్చు.

లోరా వాడేవాళ్లకు ఇంకో కాపలా పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. ప్రతి సందేశంతో పాటు దాన్ని ఏ గేట్‌వేలు విన్నాయి, ఎంత బలంగా విన్నాయి అన్నది సర్వర్‌కు వస్తుంది. కదలని సెన్సార్‌కు ఈ లెక్క వారాల తరబడి దాదాపు ఒకేలా ఉంటుంది. వానకు, పంట ఎత్తుకు కొద్దిగా మారుతుంది, అంతే. రోజూ వినే గేట్‌వే ఒక్కసారిగా వినడం మానేసి కొత్తది వినడం మొదలుపెట్టిందంటే, పరికరం జరిగిందని అనుమానించాలి. ఆ రికార్డుకు 'అనుమానం' గుర్తు పెట్టి ఎవరినైనా పంపి చూడమనండి.

కంపెనీల లొకేషన్ సర్వీసులు

గూగుల్ జియోలొకేషన్ ఏపీఐ (మన సర్వర్ నేరుగా గూగుల్‌ను అడిగే దారి) లాంటివి. రౌటర్ నంబర్లు, టవర్ నంబర్లు పంపితే అక్షాంశ రేఖాంశాలు, ఎన్ని మీటర్ల తేడా ఉండవచ్చో ఇస్తాయి. వేల ఫోన్లు రోజూ తిరిగే వరంగల్ చౌరస్తాలోనో కాజీపేటలోనో వీటి జవాబును సొంతంగా సర్వే చేసి అందుకోవడం కష్టం. రౌటర్ మారినా ఆ దారిన పోయే ఫోన్ల వల్ల కొత్త సంగతి వాటికి చేరుతుంది.

మరి ఊళ్లలో? ఫోన్లు తక్కువగా తిరిగే చోట రికార్డు మారడానికి కూడా ఎక్కువ రోజులు పడుతుంది. కౌంటర్ దగ్గర కూర్చుని 'మా ఊరి రౌటర్ తప్పు చోట చూపిస్తోంది' అని చెప్పుకునే కిటికీ వీటికి ఉండదు. మన చేతిలో ఉన్నది ఒకటే: ఆ రౌటర్ నంబరును మన సర్వర్‌లో అడ్డుకుని, అడిగేటప్పుడు పంపకపోవడం.

గూగుల్ సర్వీసు వాడేవాళ్లు ఒక సెట్టింగ్ తప్పకుండా చూసుకోవాలి. పంపిన రౌటర్లు, టవర్లు ఏవీ దొరక్కపోతే అది అడిగిన కంప్యూటర్ ఐపీ అడ్రసును బట్టి చోటు ఊహిస్తుంది, అది మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. మన విషయంలో అడిగేది పరికరం కాదు, సర్వర్. సర్వర్ ముంబైలో ఉంటే పర్వతగిరి కోల్డ్ స్టోరేజీలోని ట్యాగు ముంబైలో ఉన్నట్టు జవాబు రావచ్చు. 'కన్సిడర్ ఐపీ' అన్న దాన్ని 'ఫాల్స్' చేస్తే, తెలియనప్పుడు తెలియదనే చెబుతుంది. తెలియదన్న జవాబుతో పని నడుస్తుంది, ఊహను నిజంలా రాసుకుంటేనే రికార్డు చెడుతుంది. అలాగే వైఫైతో జవాబు కావాలంటే కనీసం రెండు రౌటర్లు పంపాలి. తిరిగొచ్చిన జవాబులను ఎన్నాళ్లు దాచుకోవచ్చో షరతుల్లో రాసి ఉంటుంది, అది చదవకుండా వాటితో సొంత డేటాబేస్ కట్టుకోకండి.

అందరికీ తెరిచి ఉన్న డేటాబేసులు

వీటిలో పాతది ఓపెన్‌సెల్‌ఐడీ, 2008 నుంచి ఉంది. సెల్ టవర్ నంబర్లకు చోట్లు చెబుతుంది. మొత్తం ఫైలును దింపుకుని సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు, నెట్ లేకపోయినా వెతుక్కోవచ్చు. కొత్తది బీకన్‌డీబీ. వైఫై, బ్లూటూత్, టవర్లు మూడూ తీసుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో నియోస్టంబ్లర్ యాప్‌తో ఎవరైనా రీడింగులు పంపవచ్చు. వీటి మధ్య మొజిల్లా లొకేషన్ సర్వీసు 2013 నుంచి నడిచి 2024లో మూతపడింది. దాని అడ్రసును పరికరం సాఫ్ట్‌వేర్‌లోనే రాసేసుకున్నవాళ్లకు ఆ రోజుతో లొకేషన్ పోయినట్టే. అందుకే నా గట్టి సలహా: పరికరం ఎప్పుడూ విన్న నంబర్లను యథాతథంగా మీ సర్వర్‌కే పంపాలి. ఎవరిని అడగాలన్నది సర్వర్ తేల్చుకుంటుంది. ఆ పచ్చి రీడింగులను దాచి ఉంచండి. రేపు మెరుగైన డేటాబేస్ దొరికితే పాత రీడింగులను కూడా మళ్లీ లెక్క కట్టుకోవచ్చు.

ఓపెన్‌సెల్‌ఐడీ ఫైలు వాడేటప్పుడు గడులు చూసి నడవాలి. అందులో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత వస్తాయి. పైన చెప్పిన స్వాల్‌బార్డ్ తప్పుకు ఇది తేలిక దారి. 'శాంపిల్స్' గడి ఆ టవర్‌ను ఎన్ని రీడింగులతో లెక్క కట్టారో చెబుతుంది, 'అప్‌డేటెడ్' ఆఖరి రీడింగు ఎప్పటిదో చెబుతుంది. రెండు మూడు శాంపిల్స్ ఉన్న రికార్డును, ఏళ్ల కిందటి రికార్డును పక్కన పెట్టే నిబంధన పెట్టుకోండి. వడపోత లేకుండా మొత్తం ఫైలును వాడటం కంటే, సగం రికార్డులు పోయినా మిగిలినవాటిని నమ్మగలగడం నయం.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఈ డేటాబేసుల్లో టవర్ చోటు అంటే చాలావరకు టవర్ నిలబడిన చోటు కాదు, ఆ టవర్ సిగ్నల్ అందిన ఫోన్ల చోట్ల నడిమి. ఫోన్లు ఎక్కడ తిరుగుతాయి? రోడ్డు మీద. హన్మకొండ నుంచి ములుగు, ఏటూరునాగారం మీదుగా పోయే 163వ జాతీయ రహదారి పొడవునా రీడింగులు ఎక్కువ, లోపలి ఊళ్లలో తక్కువ. దాంతో రోడ్డుకు మూడు కిలోమీటర్ల లోపల ఉన్న పొలంలోని పరికరం రోడ్డు మీద ఉన్నట్టు కనబడుతుంది. దీన్ని దిద్దే మార్గం మన చేతిలోనే ఉంది: లోపలి ఊళ్లకు వెళ్లినప్పుడు యాప్ ఆన్ చేసి పెట్టుకోవడం. పల్లె దారుల్లో కొన్ని గంటలు తిరిగినా ఆ చుట్టుపక్కల టవర్ల లెక్క మారుతుంది. ఈ మాట పెద్ద కంపెనీల సర్వీసు గురించి చెప్పలేం.

టవర్ నంబర్లు ఎందుకు పాతబడతాయో కూడా తెలిసి ఉండాలి. 2018లో వొడాఫోన్, ఐడియా కలిశాక ఒకే ఊళ్లో రెండున్న చోట్ల ఒకటి తీసేశారు. ఎయిర్‌టెల్ 3జీ ఆపేసింది కాబట్టి ఆ రికార్డులన్నీ ఇప్పుడు ఖాళీ పేర్లే. బీఎస్ఎన్ఎల్ కొత్త 4జీ టవర్ల నంబర్లు పాత ఫైళ్లలో ఉండవు. ఏజెన్సీ గ్రామాల్లో పని చేసేవాళ్లకు ఇది ముఖ్యం, ఎందుకంటే చాలాచోట్ల అక్కడ అందేది అదే.

అన్నిటికంటే మన ప్రాంతానికే చెందిన సంగతి మేడారం. రెండేళ్లకోసారి నాలుగు రోజుల జాతరకు లక్షల మంది వస్తారు. వాళ్ల కోసం కంపెనీలు బండ్ల మీద తాత్కాలిక టవర్లు తెచ్చి నిలబెడతాయి. ఆ రోజుల్లో అక్కడ ఫోన్ల సంఖ్య ఎక్కువ కాబట్టి ఆ టవర్లకు శాంపిల్స్ కూడా కుప్పలుగా పడతాయి. జాతర ముగిశాక ఆ బండి ఇంకో జిల్లాకు పోతుంది. అదే నంబరుతో అక్కడ పనిచేస్తే, డేటాబేస్ దృష్టిలో మాత్రం అది చాలాకాలం తాడ్వాయి మండలంలోనే ఉంటుంది. శాంపిల్స్ ఎక్కువ ఉన్నాయని నమ్మితే ఇక్కడ మోసపోతాం. ఒక నంబరు తక్కువ రోజుల్లో ఎక్కువ శాంపిల్స్ పోగుచేసుకుని తర్వాత మళ్లీ కనిపించకపోతే దాన్ని పక్కన పెట్టాలి. జాతర వారంలో వచ్చిన రీడింగులను విడిగా గుర్తు పెట్టుకుని, నెల తర్వాత కూడా వినిపించిన నంబర్లనే డేటాబేస్‌లోకి తీసుకోవడం క్షేమం.

సొంత గేట్‌వేలు, బీకన్లు

సింగరేణి భూగర్భ గనుల్లో జీపీఎస్ లేదు, బయటి డేటాబేసూ లేదు. పెద్ద గోదాముల్లో వరుసల మధ్య తేడా తెలియాలంటే వైఫై చాలదు. ఇలాంటి చోట బ్లూటూత్ బీకన్లు గోడలకు బిగించి, ఏ బీకన్ దగ్గరుందో చూసుకోవడమే దారి. గనుల్లో అయితే భద్రతా అనుమతి ఉన్న పరికరాలే వాడాలి, అందులో రాజీ లేదు.

బీకన్ డేటాబేస్ పాడయ్యేది గోడకు సున్నం వేసిన రోజున. పనివాళ్లు అన్నీ విప్పి ఒక బుట్టలో వేస్తారు, సాయంత్రం చేతికి అందింది అందిన చోట తగిలిస్తారు. బీకన్ మీద, గోడ మీద ఒకే అంకెను చెరగని రంగుతో రాయించండి. అంకెలు కలవకపోతే అప్పుడే తెలుస్తుంది.

గేట్‌వేలకు సిగ్నల్ చేరిన సమయంలో తేడాను బట్టి లోరా చోటు లెక్క కట్టే పద్ధతి కూడా ఉంది. కనీసం మూడు గేట్‌వేలు వినాలి, వాటి గడియారాలు నానోసెకన్ల దాకా కలవాలి. ఒక మైక్రోసెకను తేడా వస్తే 300 మీటర్లు. మన పల్లెల్లో ఒక పరికరాన్ని మూడు గేట్‌వేలు వినడమే అరుదు. ఇప్పటికైతే దీని జోలికి వెళ్లమని నేను చెప్పను.

జీపీఎస్: రోజూ వద్దు, తనిఖీకి కావాలి

పది పరికరాల్లో ఒకదానికైనా జీపీఎస్ పెట్టి, వారానికోసారి మాత్రం లేపండి. ఆ రీడింగుతో పాటు అదే క్షణంలో వినిపించిన రౌటర్లు, టవర్లు కూడా పంపితే, మీ డేటాబేస్ చెప్పే చోటుకూ నిజమైన చోటుకూ ఎంత దూరముందో ప్రతి వారం తెలుస్తుంది. ఆ దూరం పెరుగుతూ పోతోందంటే డేటాబేస్ పాతబడుతోందన్నమాట.

రౌటర్లలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి

పైన చెప్పిన నాలుగైదు రౌటర్ల ఎంపిక ఇక్కడ. అన్నిటికంటే బలంగా వినిపించినవి తీసుకోవడం సహజంగా తోస్తుంది. కానీ బలంగా వినిపించేది చాలాసార్లు పక్కనున్న మనిషి జేబులోని ఫోన్ హాట్‌స్పాటే. దాన్ని పట్టుకునే తేలిక గుర్తు ఉంది: రౌటర్ నంబరులో రెండో అక్షరం 2, 6, ఏ, ఈల్లో ఒకటైతే, ఆ నంబరు కంపెనీ ముద్రించింది కాదు, సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నది. అన్ని హాట్‌స్పాట్లూ దీనికి దొరకవు; ఒకే రౌటర్‌లో రెండో పేరుకు ఇలాంటి నంబరే రావచ్చు కూడా. అయినా పరికరంలోనే ఈ వడపోత పెడితే బైట్లు మిగులుతాయి, తప్పులూ చాలావరకు తగ్గుతాయి.

మిగిలినవాటికి సర్వర్‌లో నిబంధన పెట్టండి. ఒకే రౌటర్ వారంలో అర కిలోమీటరుకు మించిన దూరంలో రెండు చోట్ల వినిపిస్తే అది బస్సులోనో లారీలోనో ఉందన్నమాట. దాన్ని చెరపకండి, 'కదిలేది' అని గుర్తు పెట్టి లెక్కలోంచి తీయండి. చెరిపేస్తే రేపు మళ్లీ కొత్తదిలా లోపలికి వస్తుంది.

ఇంకొకటి మర్యాదకు సంబంధించినది. రౌటర్ పేరు చివర 'అండర్‌స్కోర్ నోమ్యాప్' అని పెట్టుకున్న ఇంటివారు తమను ఇలాంటి డేటాబేసుల్లో చేర్చవద్దని కోరుతున్నారు. గూగుల్, ఆపిల్ ఆ మాట పాటిస్తాయి, మనమూ పాటించాలి. రౌటర్ల చోట్లు పోగు చేస్తే మనుషుల కదలికలు తెలుసుకోవచ్చని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో ఆపిల్ డేటాబేస్‌తోనే చూపించారు. సొంతంగా సేకరించేవాళ్లు రౌటర్ నంబరు, చోటు మాత్రమే ఉంచుకుని, వైఫై పేర్లను దాచకపోవడం మంచిది. చాలా ఇళ్లలో ఆ పేరే ఇంటిపేరు.

ఎవరికి ఏది

చెరువులు, కాలువలు, బోరు మోటార్లు చూసుకునేవాళ్లకు: సొంత రిజిస్టరు, దానికి తోడు గేట్‌వే మార్పుల కాపలా. బయటి సర్వీసు కొనకండి. మీ డబ్బు, శ్రద్ధ బిగించే మనిషి శిక్షణ మీద పెట్టండి.

మిర్చి, పత్తి లాట్ల వెంట ట్యాగులు పంపే వ్యాపారులకు: వరంగల్ పట్టణం, గుంటూరు లాంటి చోట్ల కంపెనీ సర్వీసు వైఫైతో బాగా పని చేస్తుంది; దారిలో టవర్ లొకేషన్‌తో సరిపెట్టుకోండి. మీ సొంత గోదాముల రౌటర్లను మాత్రం సొంత పట్టికలో రాసుకుని, ముందు అందులో వెతికి, దొరక్కపోతేనే బయట అడగండి. ఖర్చూ తగ్గుతుంది, మీ గోదాము విషయంలో తప్పు జవాబుకు తావుండదు.

మేత కోసం అడవి వైపు గొర్రెలు తోలుకెళ్లేవాళ్లకు: మందలో ఒకటి రెండు పెద్ద గొర్రెలకే జీపీఎస్ ట్యాగు, రోజుకు రెండు మూడు సార్లు. ఆకాశం కనిపిస్తుంది కాబట్టి జీపీఎస్ దొరుకుతుంది, వైఫై డేటాబేస్ అక్కడ ఎందుకూ పనికిరాదు. మిగతా గొర్రెలకు చవకైన బ్లూటూత్ ట్యాగులు చాలు, మందతో ఉన్నాయో లేదో తెలుస్తుంది.

బడి బస్సులు, ఆటోలకు ఈ చర్చే అక్కర్లేదు. బండి బ్యాటరీ ఉంది, మామూలు జీపీఎస్ పెట్టుకోండి.

ఇక వరంగల్ ఎన్ఐటీలోనో, కాకతీయ విశ్వవిద్యాలయంలోనో ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులకు: ఓపెన్‌సెల్‌ఐడీ ఫైలు దింపుకుని మన జిల్లాల రికార్డులను విడదీయండి. ఆఖరి అప్‌డేట్ సంవత్సరాన్ని బట్టి మ్యాప్ మీద రంగులు వేయండి. రంగు పాతబడిన మండలాల్లో మీ స్వంత ఊరు ఉంటే, సెలవులకు వెళ్లినప్పుడు ఫోన్లో ఓపెన్‌సెల్‌ఐడీకి రీడింగులు పంపే యాప్ ఆన్ చేసి పొలాల దారిన సైకిల్ తొక్కండి. మళ్లీ కొన్ని నెలలకు అదే మ్యాప్ వేసి తేడా కొలవండి. ప్రాజెక్టు రిపోర్టుకు కావాల్సిన కొలతలు అందులోనే దొరుకుతాయి.